నాగమ్మ క్లోజప్

జూలై 12, శుక్రవారం

వాన. పారాయణ సగంలో ఉండగా రాఘవ కెమెరాతో గుమ్మంలో. పెళ్లి వీడియోలు తీసే మా తమ్ముడు ఇప్పుడు టీవీ వార్తలకు టేపులు పంపుతున్నాడు. పొద్దుటి నుంచీ నాకు పాఠం. మనిషి మొత్తం, వెనక చెట్లతో సహా కనబడితే లాంగ్ షాట్. మొహం ఒక్కటే అయితే క్లోజప్. అటు నుంచి ఇటు మెల్లగా తిప్పితే ప్యాన్. ఎదురుగా కూర్చుని ఎవరైనా మాట చెబితే బైట్.

"మరి మన రాముడి పటం?"

"అది క్లోజప్పే అక్కా."

"పాదాలు కూడా కనబడతాయి కదరా."

ఆలోచనలో పడ్డాడు.

జూలై 14, ఆదివారం

నాగమ్మ వచ్చింది. వాగు అవతల గూడెం నుంచి, వాళ్ల మాటలో గుంపు, అడ్డాకుల విస్తళ్లతో. ఎప్పటిలాగే ఆగి నా పొయ్యి ఊదిపెట్టింది. తడి కట్టెలు. పొగ. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే రాఘవ తీశాడు.

"నా మొకం ఏం జేసుకుంటవ్ రాఘవయ్యా? విస్తరాకంత ఇలువ జెయ్యదు."

నవ్వింది. ఆ నవ్వు తీశాడో లేదో చూడలేదు. ఆ కళ్లు తుడుచుకున్న బొమ్మ కట్‌అవే అట. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య అతుకు. ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు కాబట్టి తీసి ఉంచుకుంటారట.

జూలై 18, గురువారం

అడవి లోపలి పల్లెల్లో జ్వరాలు. పిల్లలు పోతున్నారు. రాఘవ వెళ్లి తడిసి వచ్చాడు. కెమెరా చూసి తల్లులు తలుపులు వేసుకున్నారట. మూసిన తలుపులు, ఖాళీ మంచం, బురద దారి… అవే దొరికాయి. మొహాలు లేకుండా వార్త ఎట్లా అని హైదరాబాద్‌లో వార్తలు కూర్చే డెస్క్ వాళ్లు ఫోన్లో. సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికి క్యాసెట్ ఇచ్చి వచ్చాడు. అన్నం ముట్టలేదు.

జూలై 20, శనివారం

వార్తల్లో మూసిన తలుపులు. ఖాళీ మంచం. తర్వాత — నాగమ్మ. మా పొయ్యి లేదు, పొగ లేదు, మొహం ఒక్కటే. కళ్లు తుడుచుకుంటోంది. కనబడని ఆడమనిషి గొంతు… కన్నబిడ్డను జ్వరానికి పోగొట్టుకున్న తల్లి, అని.

నాగమ్మకు ఒక్కతే కూతురు, సోమి. నిక్షేపంలా ఉంది.

"ఇదేందిరా?"

"వాయిస్ ఓవర్ అక్కా. ఆడ రాసిండ్రు. ఆమెది నేను క్లోజప్ ఒక్కటే పంపిన."

జూలై 21, ఆదివారం

తలుపులు నిజం. పొగకు వచ్చినా కన్నీళ్లు కన్నీళ్లే. ఆ గొంతు మనిషికి నాగమ్మ ఎవరో తెలియదు. రాఘవ ఒక్క ముక్క రాయలేదు. మరి అబద్ధం ఎక్కడ చొరబడింది?

పారాయణలో రెండు చోట్ల తప్పాను.

జూలై 23, మంగళవారం

నాగమ్మ వచ్చింది, సోమిని వెంటబెట్టుకుని.

టీ కొట్టులో టీవీ చూసిన సోమి మేనమామలు బియ్యం, కోడి పట్టుకుని వాగు దాటి వచ్చారట. గుంపు మొదట్లోనే ఏడుపు ఎత్తుకున్నారు. పొలంలో ఉన్న సోమి పరుగెత్తుకుంటూ వచ్చి, ఎవరు పోయారో తెలియక, వాళ్లతోపాటు తనూ ఏడ్చిందట. చెబుతూ నాగమ్మ నవ్వబోయింది. నవ్వలేకపోయింది.

గుంపు పెద్ద తీర్పు చెప్పాడు. "పిల్ల మీద నలుగురిల ఏడుపు పడ్డది. బతికున్నదని నలుగురిల మాట పడాలె. అందాక ఇంట్ల పండొద్దు."

"మీ పెట్టెనే చెప్పింది గద పెద్దక్కా. మీ పెట్టెతోనే చెప్పియ్యి."

నాగమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సులువుగా ఉండేది.

సోమిని నా దగ్గర వదిలి వెళ్లింది.

జూలై 24, బుధవారం

సోమి పటానికి పూలు పెట్టింది. అమ్మ ఎప్పుడొస్తుందని అడగదు. గుమ్మం వైపు తిరిగి తింటుంది.

జూలై 25, గురువారం

డెస్క్‌కు ఫోన్ చేయమన్నాను. చేశాడు.

"పిల్ల బతికున్నదంటే అది వార్తెట్లయితది అన్నరు."

"ఆ బొమ్మ మన వంటింట్లో తీసిందని చెప్పినవా?"

గోడ వైపు చూశాడు. చెబితే ఇక నీ టేపులు వద్దంటారట. మళ్లీ తలంబ్రాలు, అప్పగింతలు. వీడు తల ఎత్తుకుని బజారుకు వెళ్లడం ఈ పనిలో పడ్డాకే చూశాను. అడిగి వీడి తల వంచుతున్నానా… అడగకుండా ఉండి పిల్లను గుమ్మంలో కూర్చోబెడుతున్నానా…

జూలై 29, సోమవారం

సంతలో కూరగాయల ధరల మీద వార్త. వంకాయలు, గోనెసంచులు, త్రాసు… మధ్యలో సోమి. రెప్పపాటు. నవ్వుతోంది.

రాఘవ నా వైపు చూడలేదు. "నేనే," అంది సోమి, మెల్లగా.

రెండు చేతులూ జోడించాను. ఎవరికో తెలియదు.

జూలై 31, బుధవారం

నాగమ్మ వచ్చింది. గుంపు పెద్ద చెప్పిన మాట మోసుకుని.

"బొమ్మ జూసిండంట. మాట యాడ అంటుండు. ఏడుపుకు మాట ఉండె గద, దీనికి లేకపాయె."

నాగమ్మ సోమి జడ విప్పి మళ్లీ అల్లింది. ఒక్కతే వెళ్లిపోయింది. సోమి వాకిలి దాకా వెళ్లి ఆగింది.

ఆ పెద్దాయనది మూఢత్వం అనుకుందామని చూశాను. అనుకోలేకపోతున్నాను.

రాఘవకు చెబితే — "అంటే బైట్ కావాలె అంటుండు. మా డెస్క్‌ల ఉండాల్సిన మనిషి." నవ్వాడు. వెంటనే ఆపేశాడు.

ఆగస్టు 2, శుక్రవారం

దీపం పెట్టి వచ్చేసరికి వరండాలో స్టాండు, దాని మీద కెమెరా. ఎదురుగా నా పీట.

"కూసో అక్కా. పెద్దదానివి, నీ మాటను కొయ్యరు."

"ఏం చెప్పాలిరా?"

"జరిగింది."

సోమి నా కొంగు పట్టుకుని కూర్చుంది. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. జరిగింది అంటే పొయ్యి, పొగ, నాగమ్మ… తీసినవాడు. తీసినవాణ్ణి వదిలేసి చెబితే అది కూడా మొహం ఒక్కటే చూపించడం కాదా?

"నీ పేరు చెప్పాలా రాఘవా?"

ఎర్ర దీపం ఆరింది. బ్యాటరీ మార్చుకొస్తా, అన్నాడు. లోపలికి వెళ్లాడు.

ఈ నాలుగు ముక్కలు పీట మీదే కూర్చుని రాస్తున్నాను. లోపల చప్పుడు లేదు. సోమి కొంగు వదలలేదు, కెమెరా వైపే చూస్తోంది. నేను నేర్పిన మాట మర్చిపోకుండా పెదాలు కదుపుతోంది — నా పేరు సోమి, నేను బతికే ఉన్న.