వస్తానంటే వెళ్తానని

మార్చి 3, సోమవారం

మడతల మెషిన్ వచ్చింది. గుమ్మంలో పట్టక తలుపు ఊడదీయాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా మా లాండ్రీలో దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, దగ్గరికొచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి, చూసేవాళ్లకి డాన్సులా ఉండేది. ఇప్పుడు ఈ చివర కొస అందిస్తే ఆ చివర మడత బయటికొస్తోంది.

ఇస్త్రీ బాబాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఏం బాబాయ్, భయమా అని అడిగాను. నాకెందుకమ్మా భయం, దానికే నేనంటే భయం ఉండాలి అన్నాడు. అన్నాడే గానీ సాయంత్రం దాకా దాని దరిదాపులకి రాలేదు.

గుమ్మం పక్కన ఇంకో కొత్త వస్తువు, టాబ్లెట్. మా అక్క కూతురు బిగించింది. దాని ఉద్యోగమే అలాంటివి తయారుచేయడం. ఎవరొచ్చారో ఎవరు పోయారో మొహం చూసి రాసుకుంటుందట. ఆదివారం ఎక్స్‌ట్రా డ్యూటీకి ఎవరొస్తారో నోటితో చెబితే చాలు, తెలుగు అర్థం చేసుకుంటుందట. ఇక నువ్వు ఒక్కొక్కళ్ల వెంటపడి బతిమాలక్కర్లేదు పిన్నీ అంది. బతిమాలడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. కసురుతాను, అంతే.

మార్చి 4

మరకలక్క ఆఫీసు గదిలోకి వచ్చింది. అసలు పేరుతో ఆవిడని ఎవరూ పిలవరు. నాకంటే చిన్నదే, అయినా నేనూ అక్కా అనే అంటాను. ఆస్పత్రి నుంచి వచ్చే బట్టల మీద మరక రక్తందో, మందుదో, టీదో చూసి, దేనికి పడాల్సిన రసాయనం దానికి వేస్తుంది.

కూతుర్ని బడిలో వేసిందట. ఒంటిపూట బడి. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు, పిల్లని ఇంటికి తెచ్చే దిక్కు లేదు. పొద్దున వచ్చి బడి వదిలే వేళకి వెళ్లిపోతాను, ఆ పూటకే జీతం ఇవ్వండి మేడం అంది.

కుదరదన్నాను. షిఫ్ట్ అంటే షిఫ్ట్. నీకిస్తే రేపు అందరూ అడుగుతారు అన్నాను. అయితే శనివారంతో మానేస్తాను అంది. సరే, నీ ఇష్టం అన్నాను.

నా నోరు అంతే. ముందు అది వెళ్లిపోతుంది, బుర్ర తర్వాత బయల్దేరుతుంది.

మార్చి 6

మెషిన్ ఉందిగా. ఒక మనిషి పోతే ఏమవుతుంది.

మార్చి 8, శనివారం

పొద్దున ఆస్పత్రి నుంచి ఫోన్. సోమవారం కొత్త వార్డు తెరుస్తున్నారట. ఆదివారం రెండింతల లోడు చేసిపెట్టగలరా, లేదంటే వేరే లాండ్రీని చూసుకుంటాం అన్నారు. వాళ్లు పోతే మా బాయిలర్ చల్లారినట్టే. టాబ్లెట్ చూశాను. రేపటికి దాదాపు అందరి పేర్లూ ఉన్నాయి. వారమంతా ఒళ్లు హూనం చేసుకుని ఆదివారం కూడా వస్తామంటున్నారంటే నా మీద ఎంత అభిమానమో అనుకున్నాను. చేస్తామని చెప్పేశాను.

సాయంత్రం మరకలక్క వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, వెళ్తున్నాను మేడం అంది. వస్తాను అనలేదు. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆ మాట అనకుండా గడప దాటిన మనిషి కాదు. ఊఁ అన్నాను.

మార్చి 9, ఆదివారం, ఉదయం

ఎవరూ రాలేదు.

అదే రోజు, సాయంత్రం

తలప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. షెడ్డులో దుప్పట్ల గుట్టలు, మధ్యలో నేను. ప్యాకింగ్ అమ్మాయికి ఫోన్ చేసి గయ్యిమన్నాను. నేనెప్పుడు వస్తానన్నాను మేడం, నిద్రపోతున్నాను అంది. అక్క కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి టాబ్లెట్‌లో దాచుకున్న గొంతులు వినిపించింది. ప్యాకింగ్ అమ్మాయి గొంతే. వస్తానే, అంటోంది ఎవరితోనో. తర్వాత బాయిలరతను. వస్తా బాబాయ్. తర్వాత బాబాయి. మంచిదమ్మా, వస్తా.

మా పిల్ల నాలుక కరుచుకుంది. ఇంటికి పోతూ అందరూ చెప్పుకున్న వీడ్కోళ్లన్నీ ఆ పిచ్చి టాబ్లెట్ తల్లి డ్యూటీకి ఒప్పుకున్నట్టు రాసుకుంది. దాన్ని తయారుచేసిన మా పిల్ల పేరు కూడా అందులో ఉంది. వస్తా పిన్నీ. ఇద్దరం నేలమీద కూలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది.

కబురు తెలిసి బాబాయి వచ్చాడు. అంతా విని, అయితే అది సరిగ్గా విన్నది ఒక్క మరకలక్క మాటే అన్నమాట అన్నాడు. నిజమే. ఆవిడ పేరు ఎదురుగా, రాదు అని ఉంది.

ముగ్గురం మొదలెట్టాం. మెషిన్ పాపం ఆగకుండా పనిచేసింది. ఒక కట్ట విప్పి చూస్తే నట్టనడుమ ఇంత మరక. దాన్ని కూడా ఎంత ముచ్చటగా మడతపెట్టిందో. ఇంకో కట్ట విప్పాను. అందులోనూ ఉంది.

ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లాను. మరకలక్క తలుపు తీసి లోపలికి రమ్మనలేదు. రమ్మని అడగడానికి వెళ్లినదాన్ని, ఎందుకో మాట మారిపోయింది. నీకు ఎంతసేపు కుదురుతుంది అని అడిగాను. పిల్లని తీసుకురావచ్చా అంది.

పిల్ల ఉతికిన దుప్పట్ల మీద నిద్రపోయింది. లోడు వెళ్లింది. పోయేటప్పుడు ఏమంటుందోనని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. పిల్లని భుజాన వేసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

మార్చి 10

టాబ్లెట్ పీకెయ్యమన్నాను. తప్పు దాని చెవిలో లేదు పిన్నీ, మనం అడిగే ప్రశ్నలో ఉంది అంది అక్క కూతురు. వస్తావా అంటే మొహమాటానికైనా ఎవరైనా వస్తాననే అంటారట. ఇప్పుడు టాబ్లెట్ అందర్నీ ఇంకోటి అడుగుతోంది. ఏ పూట కుదురుతుంది?

సాయంత్రానికి జవాబులు చూసి నోరెళ్లబెట్టాను. ప్యాకింగ్ అమ్మాయి పరీక్షలకి చదువుకుంటోందట, పొద్దున పూట వద్దట. బాయిలరతనికి పొద్దున పూటే కావాలట. ఎదురెదురు షిఫ్టుల్లో ఇద్దరూ ఏడాదిగా ఒకళ్ల డ్యూటీ చూసి ఒకళ్లు కుళ్లుకుంటున్నారు. నాతో ఒక్క ముక్క చెప్పలేదేం అన్నాను. మీరు కసురుతారుగా మేడం అంది ప్యాకింగ్ అమ్మాయి. కసరబోయి ఆగాను.

మార్చి 13

బాబాయి మెషిన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్లకి సుఖంగా ఉందట. దానికి పని నేర్పుతున్నానమ్మా, నెమ్మదస్తురాలు, వింటోంది అన్నాడు.

మార్చి 14

మరకలక్కకి ఫోన్ చేశాను. ఒంటిపూట డ్యూటీ, బడి వేళకి సెలవు, ఆ పూటలోనే ఇంకో ఇద్దరికి మరకల పని నేర్పాలి అని చెప్పాను. ఈ నెలాఖరుకి ఆస్పత్రి వాళ్లు మళ్లీ ఒప్పందం రాస్తారని, నువ్వు లేకపోతే రాయరని కూడా చెప్పాను. మొదటిసారి బతిమాలాను. అంత కష్టంగా ఏమీ లేదు.

ఆలోచించుకుంటాను అంది.

మార్చి 16, ఆదివారం

ఫోన్ వచ్చింది. ఒక్క రోజు వచ్చి చూస్తుందట. టైముకి వదులుతారో లేదో మీ మాట కాదు, మీ గడియారం చూసి నమ్ముతాను అంది.

మార్చి 17, సోమవారం

బడి వదిలే వేళకి సరిగ్గా ఆపరేషన్ థియేటర్ బట్టలొచ్చాయి. ఒక్క పది నిమిషాలు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బడి వదిలేస్తారు, చేతులు కడుక్కో అక్కా అన్నాను.

గుమ్మం దగ్గర ఆగింది.

వస్తాను మేడం, అంది.

ఏ పూట అని అడిగింది టాబ్లెట్.

పొద్దున పూట అని నేనే చెప్పాను.