చేదు తెలియని నాలుక

అమ్మా,

ఈరోజు మా బీఎస్సీ మాలిక్యులర్ బయాలజీ ల్యాబులో అందరం రసాయనం పూసిన కాగితం ముక్కను నాలుక మీద పెట్టుకున్నాం. చేదు భరించలేక నేను ఉమ్మేశాను. పక్కనున్న మంజుల మాత్రం చప్పరిస్తూ "చేదు యాడుండాదప్పా?" అంది. జన్యువుల వల్ల కొందరికి ఆ చేదు తెలియనే తెలియదట.

"మీ అమ్మకు తెలుస్తుందా? ఫోన్ చేసి అడుగు," అన్నారు మేడమ్.

కాకరకాయను ఉప్పేసి పిండకుండానే వండి, నువ్వూ అచ్చం మంజుల మాటే అనేదానివి. నాచేత తినిపించడానికి అబద్ధమాడుతున్నావనుకునేదాన్ని.

"మా అమ్మకు చేదు తెలియదు మేడమ్," అనేశాను.

అప్పట్నుంచీ ఒకటే గుబులు. బొమ్మసంద్ర ఆస్పత్రిలో చివరిదాకా "నొప్పేం లేదప్పా" అంటూనే ఉన్నావు. ఆ మాట నిజమో కాదో తేల్చే కాగితం మా ల్యాబులో లేదమ్మా.