మిషను పక్కన తవ్వవద్దు

యుగంధర్ బాబుగారికి,

తిల్దాలో మట్టిని పరీక్షించే మీ మిషను ఉన్న పొలం ఆవిడను. మీరూ తెలుగువారే కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నిన్న మట్టి తవ్వి ల్యాబుకు పట్టుకెళ్తానని మీ మనిషి గడ్డపారతో వచ్చాడు. నేను ఆ మిషను పక్కనే చతికిలబడి లేవలేదు. పిచ్చిదనుకుని వెళ్లిపోయాడు. "అమ్మా, మీ పొలంలో పొటాషు ఇంత ఎలా పెరిగింది? ఏ ఎరువు, ఏ ఖాద్ వేశారో మీటింగులో రైతులకు చెప్పండి, శాలువా కప్పుతాం" అని మీరు ఫోనులో అడిగారు. పదిమందిలో చెప్పలేను బాబూ, మీకే చెబుతున్నాను.

ఆ మిషను పాతింది మా అబ్బాయి యోగేషే. "ఇక ఏం కావాలో మట్టే నీకు ఫోను చేసి అడుగుతుందే అమ్మా" అని నవ్వాడు. నెల తిరక్కుండానే ఉర్లా రోడ్డు మీద వాణ్ణి లారీ గుద్దేసింది. అస్థికలు రాజిమ్ సంగమంలో కలిపాం. చితి బూడిద మాత్రం దోసెడు కొంగున మూటగట్టి తెచ్చి, వాడు మిషను పాతిన చోటే మట్టిలో కలిపాను. నేను వేసిన ఖాద్ అదే.

అక్కడ తవ్వించకండి. శాలువా ఇంకెవరికైనా కప్పండి.

ఇంకొక్క మాట. ఆ మిషను రోజూ పొద్దున్నే నా ఫోనుకి "పొటాషు ఎక్కువైంది, ఇక వేయవద్దు" అని పంపుతోంది. ఇక వేయనని మీరే దానికి చెప్పండి బాబూ. నాకున్నది వాడొక్కడే.

యోగేషు తల్లి