పచ్చ లైటు వెలుగుతూనే ఉంది

బుధవారం, రాత్రి

కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైతే సెన్సరు వెంటనే కంట్రోలు బోర్డును పిలవాలి. ఏ తీగ మీద పిలుస్తుందో చెప్పే ఇంటరప్ట్ సెట్టింగ్ పాత బోర్డులో ఉంది, కొత్తదాంట్లో లేదు. అది లేకపోతే సెన్సరును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఆగిపోవాలి. నాతో పనిచేసే శీను రాసిన డ్రైవర్ మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చ లైటు వెలిగిస్తోంది. సాయంత్రం ఆఫీసులో బయటపడింది.

"ఏరా, మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా?" అని అరిచాను.

"మళ్ళీ కరపత్రం మొదలెట్టావా? మిషను ఆగితే ఓనరు గారు ఊరుకుంటారా?" అన్నాడు.

సెట్టింగ్ దొరక్కపోతే ఎర్ర లైటు వేసి మొరాయించేలా మార్చాను. కానీ ఒంగోలు మిర్చి స్టోరేజీలో కొత్త బోర్డు మీద ఇంకా పాత డ్రైవరే నడుస్తోంది. అక్కడి ఆపరేటరు కోటయ్య బాబాయికి ఫోన్ చేశాను. వెనక ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.

"ఎవరు బాబాయ్ ఆ దగ్గేది?"

"మిర్చి గోదాములో దగ్గనోడెవడ్రా అబ్బాయ్! పచ్చ లైటు వెలుగుతానే ఉందిలే."

"ముందు అందర్నీ బయటికి పంపించు!"

"నీకు ప్రతిదీ ఉద్యమమే," అని నవ్వి పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. ఒంగోలు పోదామని శీను బండిలో పెట్రోలు కొట్టించుకు రావడానికి వెళ్ళాడు. వాడు వచ్చేలోగా ఇది రాస్తున్నాను.

అది మిర్చి దగ్గే అయ్యుండాలి...