రెండో పిల్ల మాది

మే 3

పుల్లయ్య మోసం చేశాడు. మా నాయన పాలుకు, అంటే వాటాకు, మేపుతున్న గుర్రాన్ని, సూడితో ఉన్నదాన్ని, మాతో ఒక్క మాట అనకుండా ఆత్మకూరు బేరగాడికి అమ్మేశాడు.

గుర్రం పుల్లయ్యది. మేత, కడగడం, నాలాలు కొట్టించడం మా వంతు. పెళ్లికొడుకులు ఎక్కిన బాడుగ చెరిసగం. మొదటి పిల్ల ఆయనకు, రెండోది మాకు. ఆళ్లగడ్డలో గొర్రెల్ని పాలుకిచ్చినట్టే... నలుగురి ముందు నోటిమాట. మొదటి పిల్లను నంద్యాలకు తోలుకుపోయాడు. ఇప్పుడు కడుపులో ఉన్నది మాది!

మే 4

నంద్యాల వెళ్లాను. పుల్లయ్య అరుగు మీద టీ తాగుతున్నాడు.

“పాలు గొర్రెలకుంటాది గానీ, గుర్రానికి యాడుంటాది మ్మే?”

“మొదటి పిల్లను తోలుకపోయినప్పుడు అది గొర్రెనా అప్పా?”

పక్కవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. “సంఘమోళ్ల కరపత్రాలు సదివి నోరు లేసింది నీకు. పో, మీ నాయన్ను పంపు.”

పంపను.

మే 5

నాయనే పోయాడు. చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. పిల్ల సంగతి అడగలేదు.

ఎల్లుండి పొద్దున ఆరింటికి బేరగాడి బండి వస్తుందట. నాయన పగ్గం పడితే తప్ప ఆ గుర్రం బండెక్కదు. పుల్లయ్యకూ తెలుసు. అందుకే నాయననే ఎక్కించమన్నాడు.

“నువ్వేమన్నావు నాయనా?”

“ఏమంటా పాపా... గుర్రం ఆయనదే గదా.”

“కడుపులోది?”

ప్రార్థనకు లేటయిందని చొక్కా తొడుక్కున్నాడు.

మే 6

పాలుకు గుర్రాలు మేపే ఇళ్లన్నీ తిరిగాను. బండికి అడ్డం నిలబడదామంటే దస్తగిరన్న వస్తానన్నాడు. “ఈ పొద్దు మీది, రేపు నాది.” ఆయన భార్య మాత్రం — “ముందు మీ నాయన నిలబడతాడా, అది జెప్పు.”

కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

సాయంత్రం కొట్టంలో నాయన ఉలవలు పెడుతున్నాడు. ఒక చెయ్యి గుర్రం కడుపు మీదే ఉంచాడు, పిల్ల కదులుతుందేమోనని.

“రేపు అందరూ వస్తాండారు నాయనా! నువ్వు పగ్గం పట్టాకు!”

“అరవాకు, బెదురుతాది.”

అంతే. పడతాడో, పట్టడో...

ఇల్లిల్లుకూ పంచాలని కాగితం మీద రాశాను: బండి ఆరింటికి. మనం ఐదింటికే. పాలుకు మేపే ప్రతి ఒక్కరూ రండి, ఆడవాళ్లూ రండి. మా కొట్టం ముందు, పొద్దున ఐదింటికి!