వాసెన కట్టిన ముంత

అక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. వరిచేలో మళ్ళీ పచ్చపురుగు పడింది. పోయినేడులాగే పాలేళ్ళు ఆకుల మీది తెల్లటి గూళ్ళు బుట్టలకెత్తి, "నిప్పు తెమ్మంటారా అండీ?" అని అడిగారు.

అప్పుడు అవి పురుగు గుడ్లే అనుకున్నాం. నువ్వొక్కదానివే, "కాల్చకురా తమ్ముడూ! పురుగుని చంపే ఈగలు వాటిలోంచే వస్తాయిరా, నేను చూశాను" అన్నావు. విధవ చేలో తిరగబట్టే తెగులొచ్చిందని ఊరంతా అంది. నేను గూళ్ళన్నీ తగలబెట్టించాను. కోతలయ్యేదాకా బయటికి రావద్దని నిన్ను గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టాను. కోతలు కాకముందే అక్కడే జ్వరంతో పోయావు.

వాటిని కాల్చకముందే నువ్వు గుప్పెడు గూళ్ళు ముంతలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి దాచావు. ఇవాళ ఆ ముంత అటక మీంచి దించి విప్పాను. గూళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. పురుగు ఒక్కటీ లేదు. చీమంతేసి నల్ల కందిరీగలు ఎండిపోయి, గుడ్డ లోపలివైపు అతుక్కుని ఉన్నాయి.

"బుట్టలు తీసుకెళ్ళి మళ్ళీ చేలోనే పొయ్యండి" అన్నాను. పాలేళ్ళు నన్ను వింతగా చూశారు.

తరవాత నీ గది గొళ్ళెం ఊడబీకాను. తలుపు మాత్రం తోయలేకపోయాను, అక్కా. లోపల నువ్వు దాన్నే ఆనుకుని ఉంటావేమోనని.