ముందు రికార్డ్, తర్వాత ప్లే

జూన్ 3

పిన్ని పెట్టె అడుగున అమ్మ మాటలున్న కాసెట్ దొరికిందట. తమ్ముడు రుమాల్లో చుట్టి షాపుకి తెచ్చాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఎనిమిది నెలలు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో వాడికి తెలియదు. ఊళ్ళోవాళ్ళ కాసెట్లన్నీ బాగుచేస్తావుగా, ఇదొక్కటి చెయ్యక్కా అన్నాడు. ప్రత్యేకంగా అడగాలా, వెధవ.

జూన్ 4

టేపు చెమ్మ పట్టిపోయింది. వేలు తగిలితే చాలు, గోధుమరంగు పొడి రాలుతోంది. గొంతు ఉండేది ఆ పొడిలోనే. ఇలాంటివి ఒక్కసారే పలుకుతాయి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. అందుకే షాపు గోడమీద పెద్దక్షరాలతో ఉంటుంది: ముందు రికార్డ్, తర్వాత ప్లే. రాసింది నేనే.

జూన్ 6

ఐదు స్క్రూలు విప్పి, టేపుని కొత్త కాసెట్ డబ్బాలోకి మార్చాను. ఒక స్క్రూని రెండుసార్లు కింద పడేశాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఎటు పోయిందో.

జూన్ 7, ఉదయం 11

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే నొక్కాను. కాసేపు గరగర. తర్వాత అమ్మ.

చిట్టీ, ఆ బటన్ల జోలికి పోకమ్మా, తమ్ముడు లేస్తాడు అంది. వదిలేశానమ్మా అని పైకే అన్నాను. బట్టలు మడతపెడుతోంది కాబోలు, పక్కింటావిడ మీద ఏదో చాడీ చెప్పి తనే నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోయాను. తొమ్మిదేళ్ళప్పుడు విన్నది. టేపు మొత్తం నాలుగు నిమిషాలు.

అయిపోయాక కంప్యూటర్ వైపు చూశాను. ఎర్ర చుక్క లేదు. నేను రికార్డ్ నొక్కలేదు.

11.40

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. గరగర తప్ప ఏమీ లేదు. ప్లేయర్ హెడ్ నిండా పొడి. తుడవడానికి చెయ్యి రాలేదు.

జూన్ 8

తమ్ముడి ఫోన్. ఎత్తలేదు.

జూన్ 10

చెప్పేశాను. తిడితే బాగుండేది. బల్లమీది స్క్రూలని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. పోన్లే, నువ్వైనా విన్నావుగా అన్నాడు. తర్వాత, నా గురించి ఏమైనా అందా అక్కా అని అడిగాడు.

అమ్మ అన్నదల్లా తమ్ముడు లేస్తాడని. అంతే. చాలా అంది అన్నాను.

అయితే ఆవిడ ఎలా అందో అలాగే నువ్వు చెప్పు, రికార్డ్ చేసుకుందాం అన్నాడు. ముప్పై ఏడేళ్ళవాడు. ఏడుపు ఆపుకోలేక, రేపు రమ్మని పంపేశాను.

జూన్ 11

ముందు రికార్డ్ నొక్కాను. చిట్టీ అని మొదలుపెట్టాను. నవ్వాల్సిన చోట నవ్వాను. చివర్లో, వీడు నవ్వితే నా అలసటంతా పోతుందే అన్నాను.

తమ్ముడు ఆ చివరి మాట దగ్గరికే మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

అది అమ్మ అనలేదు.